శనివారం ఫైనల్

ఆగస్టు 6, శనివారం

పొద్దున్నించీ ముసురు. గంజ్ మార్కెట్‌లోకి పెసలు తడిసి వచ్చాయి. తడి సరుకు కాంటా మీద పెట్టొద్దని సేటు అన్నాడు. మళ్ళీ మా ఊరు మంగళగికి మోసుకుపోవాలా అని రైతులు గొడవ పడ్డారు. చివరికి షెడ్డు కింద ఆరబోయించి, మధ్యాహ్నం దాటాక తూచాను. పెసర తుక్కుకు చేతులు దురద. నాలుగింటికి సేటును అడిగి బయటపడ్డాను.

ఫుట్‌బాల్ సెమీఫైనల్ గెలిచాం. ఒకటి-సున్నా. గోల్ ఎవరిదో చెప్పడం కష్టం. గుంపులో ఎవరి మోకాలికో తగిలి పోయింది. ఆట నిలిపింది మా తమ్ముడు. చివర్లో వాళ్ళకు పెనాల్టీ దొరికితే సంసోను దాన్ని ఆపడం కాదు, పట్టుకున్నాడు. లేచి, బంతి చంకలో పెట్టుకుని, మోకాళ్ళ మీది మట్టి దులుపుకున్నాడు. తడిసిన ఎర్రమట్టి దులిపితే పోదు.

పంద్రాగస్టు షీల్డులో మా చర్చి కాంపౌండ్ జట్టు ఫైనల్‌కు రావడం నా మోకాలు పోయిన ఏడు తర్వాత ఇదే. ఫైనల్ ఇరవయ్యో తారీఖు, శనివారం, హుమ్నాబాద్‌తో.

తమ్ముడు, మరదలు కెజియా ఇంటికి వచ్చేసరికి వాళ్ళ కూతురు రూతు మా దగ్గరే నిద్రపోయింది. కెజియా ఎత్తుకోబోతే ఏడ్చింది. ఇక్కడే ఉండనీయమని మా ఆవిడ కృపమ్మ అంది. తమ్ముడి ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక గోడే.

ఆగస్టు 7, ఆదివారం

వాన తెరిపిచ్చింది. ఆరాధన అయిపోయినా చర్చి వరండాలోంచి ఎవరూ కదల్లేదు. అందరిదీ హుమ్నాబాద్ మాటే.

సుందరాబాయి ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసింది. మా జట్టు ఆట ఒక్కటి కూడా వదలదు. "సంసోను నిలవడ్డంక గోల్ యాడికెళ్ళి పడ్తది?" అంది.

మాణిక్యప్ప పెద్దయ్య కర్ర మీద గడ్డం ఆనించి, "పడకుంటె గెలిసినట్టేనా? కొట్టెటోడెవడు? కొట్టెటోళ్ళందరు హైదరాబాద్‌ల కార్లు నడ్పవట్టిరి" అన్నాడు.

అది నిజమే. పోయినేడు ఆడినవాళ్ళలో సగం మంది అక్కడే ఉన్నారు. సెంటర్‌హాఫ్ ఆడే పిల్లవాడు మొన్న జూన్‌లో అక్కడికి పోయాడు. పెళ్ళిళ్ళకు వస్తానన్నాడు కానీ ఆటకు రానన్నాడు.

రాచయ్య కూడా వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. గంజ్ హమాలీల మేస్త్రి. మెడలో లింగం ఉంటుంది, చర్చి లోపలికి రాడు. మా జట్టంటే మాత్రం మాకంటే ఎక్కువ. "వాళ్ళ లంబుగాడున్నడు సూడు, వాడు ఎగిరి తల కొడ్తె మన పోరలు వాని నడుం కాడుంటరు. గందుకె కార్నర్ ఇయ్యొద్దు" అన్నాడు.

"ఇయ్యొద్దంటె ఎగ్గొట్టనీకి గదేమన్న చందానా?" అంది సుందరాబాయి, పెద్దయ్యను చూస్తూ. పెద్దయ్య వినపడనట్టు ఉండిపోయాడు.

చివరికి తేలిందేమంటే, సంసోను ఉంటే సగం సగం. లేకపోతే మూడు గోల్స్. లేకపోవడమనే మాట ఎందుకు వచ్చిందో తెలియదు. వాడు పక్కనే నిలబడి నవ్వుతున్నాడు.

ఆగస్టు 9, మంగళవారం

సన్న జల్లు. పెసలు తక్కువ, మినుములు మొదలయ్యాయి.

కెజియా తమ్ముడు పాల్ హైదరాబాద్ నుంచి మూలమీది బూత్‌కు ఫోన్ చేశాడు. కూకట్‌పల్లిలో కొత్త అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ కావాలట. భార్యాభర్తలు కలిసి కావాలట. కింద ఒక గది ఇస్తారు. స్లాబు గది. నీళ్ళు, కరెంటు వాళ్ళవే. పై ఇళ్ళలో కెజియాకు పని దొరుకుతుంది. పదహారో తారీఖుకు గదిలో దిగాలి.

తమ్ముడికి ఇక్కడేముందంటే, సీజన్‌లో గంజ్‌లో బస్తాలు, తక్కిన రోజుల్లో సున్నం పని. ఆ ఇల్లు కురుస్తుంది. ఇవాళ కూడా కెజియా పొయ్యి దగ్గర రెండు గిన్నెలు, మంచం పక్కన ఒక గిన్నె పెట్టింది. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాల్సింది. పెళ్ళయి వచ్చాక అంత మాట్లాడడం నేను వినలేదు.

"స్లాబట అక్క, స్లాబు" అని కృపమ్మతో రెండుసార్లు అంది.

మంచిదే. నేను కూడా మంచిదే అన్నాను.

ఆగస్టు 10, బుధవారం

వాన. కాంటా మూసి ఉంచాం. సంసోను పొద్దున, సాయంత్రం మైదానంలోనే ఉన్నాడు.

ఆగస్టు 11, గురువారం

సంగతి గంజ్ దాకా పోయింది. హోటల్ దగ్గర రాచయ్య నా చాయ్‌కి కూడా తనే చెప్పి పక్కన కూర్చున్నాడు. "ఏం ఏసప్పా, మీ తమ్ముడు పదహారుకే పోతున్నడంట?"

"ఇంకా అనుకోలె."

"అనుకోకుండ్రి. ఫైనల్ ఇర్వై. నాల్గొద్దులాగితె గా బిల్డింగేమన్న పారిపోతదా?"

సాయంత్రం మాణిక్యప్ప పెద్దయ్య, సుందరాబాయి ఇంటికి వచ్చారు. కృపమ్మ చాప వేసింది. పెద్దయ్య సంసోనుతో చెప్పకుండా నాతోనే చెప్పాడు. తండ్రి లేని ఇల్లు కాబట్టి పెద్దవాణ్ణి నేనే. అమ్మ పోయినప్పుడు వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు.

"నువ్వొక్క మాటంటె ఆగుతడు ఏసప్పా. షీల్డు ఒక్కపారి కాంపౌండ్‌ల పెట్టుకుందం. అటెన్క యాడికి పోతే గాడికి పోనీ."

సుందరాబాయి కెజియాతో, "నీ మొగని ఫోటో చర్చిల పెడ్తం బిడ్డా" అంది.

కెజియా, "ఫోటో కింద ముంత పెట్టాలె అత్తా, గా చర్చి గూడ కురుస్తది" అంది. సుందరాబాయి ఒక్కతే నవ్వింది.

వాళ్ళు పోయాక సంసోను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఏం జెయ్యాలె అన్నా?"

ఆడాలని వాడికి ఉంది. నేనేమీ బలవంతం చేయలేదు. పాల్‌తో మాట్లాడి చూస్తానన్నాను.

ఆగస్టు 12, శుక్రవారం

మబ్బు, వాన లేదు. సరుకు బాగా వచ్చింది. ఖటక్ చించోళి రైతుల బండ్లు వరసగా నిలబడ్డాయి.

మధ్యాహ్నం బూత్ నుంచి పాల్‌కు ఫోన్ చేశాను. ఇరవై ఒకటికి, లేదా ఇరవై రెండుకు పంపిస్తానన్నాను. "సూస్త బావా" అన్నాడు. ఓనర్ ఒప్పుకోడని, వేరేవాళ్ళు తిరుగుతున్నారని కూడా అన్నాడు. అంటాడు. ఊళ్ళో ఎవరిని ఏది అడిగినా ముందు అదే అంటారు.

సంసోనుతో, పాల్ చూస్తానన్నాడని చెప్పాను. అన్నమాటే చెప్పాను.

రూతు నా అంగీ జేబులో పెసలు పోసింది. కృపమ్మ ఏరి తీసింది.

ఆగస్టు 14, ఆదివారం

ఫైనల్ ముందటి ఆదివారం జట్టును బలిపీఠం ముందుకు పిలిచి ప్రార్థన చేయడం మా నాన్న కాలం నుంచీ ఉంది. మోకరించినవాడు ఆడితీరాలి. మోకరించి ఆడకుండా పోయినవాడు ఇప్పటిదాకా లేడు.

అయ్యగారు పేర్లు పిలిచారు. సంసోను లేచి, నడవలో ఆగి, మా వరస వైపు చూశాడు. నేను తల ఊపాను. వెళ్ళి మోకరించాడు. ఆడవాళ్ళ వైపు కెజియా లేచి, పిల్లను ఎత్తుకుని బయటికి పోయింది. రూతు ఏడవడం లేదు.

తర్వాత వరండాలో చర్చ జోరుగా సాగింది. ఇప్పుడు మనదే పైచేయి అన్నారు. మాణిక్యప్ప పెద్దయ్య కూడా రెండు-ఒకటి అన్నాడు. ఆయన నోటి నుంచి గెలుపు మాట రావడం అరుదు.

ఆగస్టు 15, సోమవారం

జెండా. లడ్డూ. గంజ్ సెలవు. సంసోనుకు తిరిగి తిరిగి బంతులు కొట్టాను. నా మోకాలు వాచింది. వాడి ఎడమ కిందికి వచ్చే బంతి ఇంకా జారుతోంది. నాలుగు రోజుల్లో సరి అవుతుంది.

ఆగస్టు 16, మంగళవారం

ఇవాళ పదహారు.

ఆగస్టు 17, బుధవారం

సన్న వాన. పాల్ ఫోన్ చేయలేదు. చేయలేదంటే అంతా బాగానే ఉన్నట్టు.

ఆగస్టు 18, గురువారం

పాల్ ఫోన్ చేశాడు. నిన్న పొద్దునే మహబూబ్‌నగర్ వాళ్ళు ఆ గదిలో దిగారట. నేను గంజ్‌లో ఉన్నాను, కెజియా పోయి మాట్లాడింది.

నేను వచ్చేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "బావా, ఓనర్ ఆగడని పాల్ నీకు ముందే జెప్పిండంట గద."

"సూస్తనన్నడమ్మ."

"సూస్తనన్నడు. ఆగడని గూడ జెప్పిండు. గది మాకు జెప్పకపోతివి."

కృపమ్మ లోపలి నుంచి, "ఊకో కెజియా" అంది. కెజియా మళ్ళీ బియ్యం ఏరసాగింది.

సంసోను చీకటి పడ్డాక మైదానం నుంచి వచ్చాడు. భార్య చెప్పింది విన్నాడు. కాళ్ళు కడుక్కున్నాడు. వదిన పిలిస్తే మా ఇంటికే వచ్చి తిన్నాడు.

"అది గాకుంటె ఇంగొకటి దొర్కుతది" అన్నాను.

"ఆ" అన్నాడు. తర్వాత, "కార్నర్ పడ్డప్పుడు నన్ను ముంగటికి రమ్మంటవా, లైన్ల ఉండమంటవా?" అని అడిగాడు.

ముందుకు రమ్మన్నాను.

రూతు ఇవాళ వాళ్ళింట్లోనే పడుకుంది.

ఆగస్టు 19, శుక్రవారం

మబ్బు. ఉక్క. గంజ్‌లో పని ఎవరికీ పట్టలేదు. రాచయ్య హమాలీలు బస్తా దించినప్పుడల్లా ఫైనల్ మీద పందెం కాస్తున్నారు. తిట్టి పంపాను.

ఆగస్టు 20, శనివారం

రాత్రి మొదలైన వాన పగలు ఆగలేదు. గంజ్‌లో కాంటా తియ్యలేదు. రెండింటికి మైదానానికి పోయాం. గోల్ ముందు నీళ్ళు మోకాలి కింది దాకా ఉన్నాయి. సంసోను అందులో నిలబడి, ఎక్కడైనా గట్టి నేల తగులుతుందా అని పాదంతో వెతుకుతున్నాడు. హుమ్నాబాద్ వాళ్ళు టెంపోలోంచి దిగలేదు.

షీల్డు కమిటీ ఆయన గొడుగు కింద నిలబడి కన్నడలో చెప్పాడు. నాళె, భానువార, నాల్కు గంటెగె. రేపు ఆదివారం నాలుగింటికి. సోమవారం నుంచి మైదానం వేరేవాళ్ళకు ఇచ్చేశారు.

కాంపౌండ్‌లో ఆదివారం పిల్లలు కూడా బంతి ముట్టరు. కమిటీ ఆయనకు అది తెలియదు. మాణిక్యప్ప పెద్దయ్య, చర్చి పెద్దలను అడిగి చెబుతామన్నాడు.

పెద్దలం ఐదుగురం. చర్చి పక్క గదిలో కూర్చున్నాం. జట్టు బయట చూరు కింద నిలబడింది. కిటికీకి సుందరాబాయి, ఆమె వెనుక రాచయ్య.

పెద్దయ్య అన్నాడు. "మా కాలంల గూడ ఒకపారి ఐతారం పెట్టిండ్రు. పోలే. షీల్డు పోయింది, మాట నిలిసింది."

సుందరాబాయి కిటికీలోంచి, "నిలిసిన మాట యాడున్నదో సూపియ్యి పెద్దయ్యా, దండేస్త" అంది.

"నువ్వు గమ్మునుండు. పెద్దల ముచ్చట."

"పొద్దుగాల ఆరాధన జేస్తం, సాయంత్రం ఆడ్తం. దేవుడేమన్న నాలుగింటికి హాజరు తీస్కుంటడా? గంజ్‌ల ఐతారం లారొస్తె ఏసప్ప కాంటా వట్టడా?"

పట్టాను. పోయిన సీజన్‌లో రెండుసార్లు పట్టాను.

పెద్దలలో ఇద్దరు ఆడనిద్దామన్నారు. పెద్దయ్య, ఇంకొకాయన వద్దన్నారు. అయ్యగారు, మీరెట్లంటే అట్లే అని పుస్తకం మూసి పెట్టుకున్నారు. అప్పుడు పెద్దయ్య నా వైపు తిరిగి, "ఒద్దంటె ఓడినట్టు గాదు. అర్జీ ఇద్దం. వొచ్చే శనివారం పెట్టుండ్రి అందం. ఒక్క వారం. పోరలు ఏడికన్న పోతుండ్రా?" అన్నాడు.

ఒక్క వారం.

వచ్చే శనివారం దాకా వాడు ఉంటాడు. ఆ లోపల ఏదో ఒకటి కుదరవచ్చు. సేటును అడిగి గంజ్‌లోనే రోజూ పని ఇప్పించవచ్చు. ఇంటి మీద రేకులు మార్పించవచ్చు. వారం తక్కువ కాలమేమీ కాదు.

నేను పెద్దయ్య వైపు చెయ్యెత్తాను.

బయటికి వచ్చేసరికి సంసోను చూరు కింద బూట్లు విప్పి, నీళ్ళు వంచుతున్నాడు. అవి కాంపౌండ్ బూట్లు, చందా వేసి కొన్నవి. లోపల జరిగింది కిటికీలోంచి అందరూ చూశారు. వాడూ చూసే ఉంటాడు.

అర్జీ రాయించి పెద్దయ్య తనే తీసుకుపోయాడు.

ఆగస్టు 21, ఆదివారం

మబ్బు ముక్క లేదు. మంచి ఎండ. ఆరాధనకు ముందే రోడ్లు ఆరిపోయాయి.

అర్జీ ఒప్పుకోలేదు. ఆదివారం రాకుంటే షీల్డు హుమ్నాబాద్‌కే అన్నారట.

నాలుగింటికి అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. మైదానం మైక్ కాంపౌండ్‌కు వినపడుతుంది. మా జట్టు పేరు మూడుసార్లు పిలిచారు. ఆగి ఆగి పిలిచారు. తర్వాత ఈల వేశారు. హుమ్నాబాద్ వాళ్ళు బంతిని నడిపించుకుంటూ పోయి ఖాళీ గోల్‌లో వేశారని రాచయ్య చూసి వచ్చి చెప్పాడు. వేసింది లంబూయేనట. తల కూడా వాడలేదు, మెల్లగా కాలితో తోశాడు. చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా ఎక్కువ మంది లేరట.

సాయంత్రం చర్చి వరండా నిండిపోయింది. ఆడి ఉంటే ఏమయ్యేదని మొదలైంది.

"నేల పైపైన్నే ఆరింది. ఇసువంటి నేల మీద లంబుగాడు ఎగురలేడు, జార్తడు" అన్నాడు రాచయ్య.

"రెండు-ఒకటి" అన్నాడు పెద్దయ్య. "నేను ముందే అన్న."

"ఆడనియ్యలే, ఇప్పుడు లెక్క జెప్తుండు. ఒకటి-సున్న. సంసోనుకు గోలెవడు కొడ్తడు?" అంది సుందరాబాయి.

"మొదటి సగంల పడుతుండె మన గోలు."

"రెండో సగంల."

చాలాసేపు కొట్లాడుకున్నారు. నేను కూడా ఒకటి-సున్నా అన్నాను. మధ్యలో సంసోను నీళ్ళ బిందెతో చర్చి ముందు నుంచి పోయాడు. వాడు ఇంట్లోకి పోయాక పెద్దయ్య గొంతు తగ్గించి, "వొచ్చేయేడు సూద్దం" అన్నాడు.

ఆగస్టు 22, సోమవారం

ఎండ. గంజ్ నిండా సరుకు. వంగిన నడుము ఎత్తలేదు. సంసోనుకు రోజూ పని గురించి సేటును అడిగాను. సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. చూద్దామన్నాడు.

ఆగస్టు 23, మంగళవారం

ఎండ. రెండు రేకులు బేరం చేసి, రాచయ్య బండి మీద వేయించుకుని వచ్చాను. సంసోను ఇంటి ముందు గోడకు నిలబెట్టాను.

తమ్ముడు బయటికి వచ్చి రేకుల వైపు చూశాడు. "గివెందుకన్నా?"

"కురుస్తున్నది గద."

"మేం రేపు పోతున్నం."

"గది ఇంగొకలు తీస్కున్నరు గద. యాడికి?"

"మాదాపూర్ కాడ బిల్డింగ్ పనున్నదంట. ఇద్దరికి. పాల్ మేస్త్రికి జెప్పిండు."

"ఉండనీకి?"

"గాడ్నే. పని కాడ షెడ్లేస్తరంట."

రేకుల షెడ్లా అని అడగబోయి ఊరుకున్నాను. పిల్లను ఇక్కడ వదిలిపెట్టి పొమ్మని కృపమ్మ అంది. కుదురుకున్నాక తీసుకుపోవచ్చంది. సంసోను కెజియా వైపు చూశాడు. కెజియా చీరలు మడతపెడుతూ, "ఒద్దక్కా" అంది. కోపంగా అనలేదు.

తమ్ముడు నాతో పాటు కొళాయి దాకా వచ్చాడు. నేను కాళ్ళు కడుక్కుంటుంటే పక్కన నిలబడ్డాడు.

"పెద్దయ్య దిక్కు చెయ్యెత్తినవ్."

"ఆ. ఐతారం గదరా."

"ఐతారం." కొళాయి తిప్పి కట్టేశాడు. "గెలుస్తుంటిమన్నా."

ఇంకేమైనా అంటాడని చూశాను. పాల్ ఫోన్ గురించి అంటాడని, గది గురించి అంటాడని చూశాను. ఆ ఒక్క మాటే అనేసి లోపలికి పోయాడు.

ఆగస్టు 24, బుధవారం

ఎండ. పెసలు అయిపోవచ్చాయి, మినుములు పెరిగాయి. సాయంత్రం దాకా కాంటా దగ్గరే ఉన్నాను.

సంసోను, కెజియా, రూతు పొద్దున ఆరున్నర హైదరాబాద్ బస్సుకు పోయారు.